ఖాళీ పళ్లెం మీద నడిచిందెవరు

ఆవిడ పాలను నమ్మదు. కాచకముందు ఒకసారి వాసన చూస్తుంది, కాచాక ఒకసారి, గ్లాసులో పోశాక ఇంకోసారి. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ ఇంట్లో పాలు విరిగింది రెండే రెండుసార్లని వాళ్లాయన చెబుతాడు. "ఆ రెండుసార్లూ నేనే ఏదో చేశానని దాని అనుమానం. ఇప్పటికీ తేలలేదు," అని గొంతు తగ్గించి కలుపుతాడు.

తలుపుకి తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూస్తుంది. మందుల షాపులో ఇచ్చిన సీసా మీది తేదీని షాపువాడి చేత చదివించి, తర్వాత తనూ చదువుకుంటుంది. పనిచేసే చోట ఆవిడకి అనుమానం పిన్ని అని పేరు. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగాను. "ఎవరో తెలీదు. కానీ నాకు ఒకళ్ల మీద అనుమానం ఉంది," అంది.

పని చేసేది ఒక కాలేజీ పాత భవనంలో, రెండో అంతస్తు చివరి గదిలో. కిటికీ ఉంది గానీ తెరవరు, రెక్కల సందుల్లో టేపు అంటించారు. ఒక గోడ పొడవునా బల్ల. మూలన గాజుసామాను కడిగే తొట్టి. దాని పక్కన పెద్ద కుక్కర్ లాంటి యంత్రం. సీసాలనీ పళ్లేలనీ అందులో ఆవిరికి ఉడికించి, ప్రాణమున్నదేదీ వాటి మీద మిగలకుండా చేస్తారు. పందొమ్మిదేళ్ల కిందట పిన్ని చేరింది ఆ తొట్టి దగ్గరే.

ఆ గదిలో వెతికేది ఈస్ట్‌ల కోసం. రొట్టెల పిండిని పొంగించే ఈస్ట్ అందరికీ తెలుసు. దానికి చుట్టాలు లెక్కలేనంత మంది ఉన్నారట. పువ్వు లోపలి తేనె చుక్కలో, చిట్లిన పండు తొక్క మీద, పురుగు పొట్టలో, పురుగు కాళ్ల మీద కాపురాలు పెట్టుకుని ఉంటారు. విడిగా ఒక్కటీ కంటికి ఆనదు. చాలావాటికి ఇంకా పేరే లేదు. పట్టుకునే పద్ధతి పిన్ని నాకిలా చెప్పింది: "గాజు పళ్లెంలో తియ్యటి జెల్లీ పోసి గట్టిపడనిస్తాం. పువ్వుని పట్టకారుతో తెచ్చి దాని మీద తాకిస్తాం. పురుగైతే వదిలేసి ఒక చక్కర్ కొట్టనిస్తాం. మూత పెట్టి వెచ్చగా ఉంచుతాం. కాలు పెట్టిన చోటల్లా చుక్క మొలుస్తుంది. అప్పుడు అడగొచ్చు, నువ్వు ఎవరి తాలూకా అని."

అడగడమంటే ఆ చుక్కని మైక్రోస్కోప్ కింద చూడటం, దాని డీఎన్ఏ అక్షరాలు చదివించడం. ఇంతకుముందు ఎవరూ రాసిపెట్టిన వాటితో ఆ అక్షరాలు కలవకపోతే, కొత్తది దొరికినట్టు.

తొట్టి నుంచి బల్ల దగ్గరికి ఆవిడని తెచ్చింది ఆ అనుమానమే. ఒకరోజు కడగడానికి వేసిన పళ్లేల్లోంచి ఒకటి తీసి, ఆ గదికి పెద్ద అయిన మేడం ముందు పెట్టింది. "ఇది అబద్ధం చెబుతోంది మేడం. మీరు పువ్వు తాకించింది ఇటు. ఈ చుక్క మొలిచింది అటు. ఇది పువ్వులోంచి రాలేదు, ఎవరి తుమ్ములోంచో వచ్చింది." మేడం పళ్లేన్ని చూసింది, పిన్నిని చూసింది, అప్పుడే తుమ్మి కర్చీఫ్ వెతుక్కుంటున్న విద్యార్థిని చూసింది. ఆ నెలలోనే పిన్ని చేతికి పట్టకారు ఇచ్చింది. అప్పటినుంచి పొద్దున తొట్టి, పదకొండు నుంచి బల్ల.

బల్ల దగ్గర ఆవిడ పెట్టిన కట్టుబాట్లకి అందరూ హడలిపోయేవాళ్లు. బయటి చెప్పులు లోపలికి రాకూడదు. తినేదీ తాగేదీ రాకూడదు. కాగితం సంచి కూడా రాకూడదు. అన్నిటికంటే ముఖ్యం ఖాళీ పళ్లెం. పని మొదలుపెట్టేటప్పుడు ఒక పళ్లేనికి దేన్నీ తాకించకుండా, మూత తీసి, పని అయ్యేదాకా కిటికీ వైపు ఉంచుతారు. తర్వాత దానికీ మూత పెట్టి మిగతావాటితో పాటు వెచ్చని పెట్టెలో పెడతారు. దాని మీద ఏమీ మొలవకూడదు. మొలిచిందంటే గది గాలో, మనిషి చెయ్యో ఏదో కలిపినట్టు. ఆ రోజు పనంతా చెత్తే. "ఈ గదిలో నేను నమ్మేది దీన్నొక్కదాన్నే," అనేది పిన్ని.

భవనం వెనక, కాంపౌండు గోడ మీదికి ఒక గుమ్మడి తీగ పాకింది. ఎవరూ పెట్టింది కాదు. పొద్దున్నే విచ్చుకునే పసుపుపచ్చ పువ్వుల్లో ఆవగింజంత నల్లటి పురుగులు దూరి ఉంటాయి. ఆ పురుగుల్లో ఒకదాన్ని పిన్ని ఒకరోజు పళ్లెం మీద నడిపించింది. మూడు రోజులకి ఏమీ రాలేదు. ఐదో రోజున అంచులు ముడతలుపడ్డ మీగడరంగు చుక్కలు వచ్చాయి. మైక్రోస్కోప్ కింద ఒక్కో కణం ఒక చివర సన్నగా, అచ్చం దోసగింజలా ఉంది. ఆవిడ చేతి మీదుగా వచ్చినవాటిలో అది అరవై ఒకటోది. అక్షరాలు చదివించారు. ఎక్కడా కలవలేదు.

"పిన్నిగారూ, ఇది ఎవరికీ తెలియనిది," అంది మేడం.

"వాళ్లు సరిగ్గా వెతికారంటారా?" అంది పిన్ని.

అన్నదే గానీ, ఆ సాయంత్రం బస్సు దిగాక ఇంటికి కాకుండా ఒక వీధి దాటి వెళ్లిపోయిందట. ఆవిడ జీవితంలో దారి తప్పడం అదొక్కసారే.

నాలుగు రోజుల సంబరం. ఐదో రోజున కళ్లద్దాల బాబు వెచ్చని పెట్టె తుడవబోయి, అడుగు అరలో మర్చిపోయిన ఒక పళ్లెం బయటికి తీశాడు. ఆ బాబు అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు. నలభై ఈస్ట్‌లు పట్టాడు, నలభైకీ ముందే పేర్లున్నాయి. ఆ పళ్లెం అరవై ఒకటో నంబరు పురుగుని నడిపించిన రోజుది. ఆనాటి ఖాళీ పళ్లెం. ఖాళీ పళ్లేలని మూడో రోజు చూసి, శుభ్రంగా ఉంటే రిజిస్టర్లో రాసి పారేస్తారు. దీన్ని చూసి రాశారు గానీ పారేయడం మర్చిపోయారు. దాని మీద ఇప్పుడు తొమ్మిది చుక్కలున్నాయి. మీగడరంగు. ముడతల అంచు. మైక్రోస్కోప్ కింద దోసగింజలు.

పిన్ని గాజుసామాను సర్దుతుంటే మేడం పిలిచింది. బాబు అప్పటికే అక్కడ నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

"ఏం తాకించని పళ్లెం మీద కూడా అదే వచ్చింది పిన్నిగారూ. అంటే అది పురుగుది కాకపోవచ్చు."

"మరి ఎవరిది?"

మేడం బాబు వైపు చూసింది. బాబు నేల వైపు చూశాడు. "అంటే పిన్నీ, బాబాయిగారు రొట్టెల బట్టీలో కదా పనిచేసేది. ఇంట్లో రొట్టెల పిండికి తోడులా వేసే పులిపిండి డబ్బా ఉందని మీరే చెప్పారు. పదకొండేళ్ల పిండి అన్నారు. అందులో ఏ పేరులేని ఈస్ట్ ఉందో ఎవరికి తెలుసు? అది మీ చీర మీద, మీ చేతుల మీద..."

"ఆ పళ్లేలు పరిచింది నేనే కాబట్టి?"

"పరిచింది మీరే కదా పిన్నీ."

"నేను మిమ్మల్ని అనుమానించట్లేదు," అంది మేడం. "పళ్లేన్ని అనుమానిస్తున్నాను."

"పళ్లెం మా ఇంటి నుంచి బస్సెక్కి రాలేదు కదా మేడం."

మేడం నవ్వలేదు. ఇంతకాలం ఖాళీ పళ్లేలన్నీ మూడో రోజుకే పారేశారు. ఈ ఈస్ట్ మొలిచేది ఐదో రోజుకి. అంటే అంతకుముందు పట్టిన అరవైలో ఏది పువ్వుదో, ఏది పిన్ని చేతిదో చెప్పే సాక్షి లేదు. సంగతి తేలేదాకా పిన్ని పట్టకారు ముట్టుకోకూడదు. తేలకపోతే అరవై ఒకటీ కొట్టేస్తారు, ఆవిడ మళ్లీ తొట్టికే పరిమితం. తొమ్మిది చుక్కల పళ్లేన్ని మేడం అలమారాలో పెట్టి తాళం వేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో విచారణ జరిగింది.

"ఏవండీ, నిజం చెప్పండి. నా సంచీ మీద పిండి దులిపారా?"

"ఎందుకు దులుపుతానే?"

"పొద్దున నా చీర ఉతికి ఆరేసింది మీరు. ఏ చేతులతో ఆరేశారు?"

"నాకున్న చేతులతోనే!"

"ఒక చెంచా పిండి ఇవ్వండి. పరీక్షకి తీసుకెళ్లాలి."

ఆయన డబ్బాని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "పదకొండేళ్లుగా పసిపిల్లలా చూసుకుంటున్నా దీన్ని. పూట తప్పకుండా మేత వేస్తున్నా. ఇప్పుడు దీని మీద కేసా? రేపు నా మీద కూడా పెడతావు."

"మీ మీద ఎప్పుడో పెట్టాను. పాలు విరిగినప్పుడు."

చివరికి అరచెంచా ఇచ్చాడు, తిరిగి తెచ్చివ్వాలన్న షరతుతో. పిన్ని దాన్ని తను తాకకుండా, ఉడికించిన గాజుగొట్టంలో ఆయన చేతే వేయించి, బాబుకి అప్పజెప్పింది. ఎనిమిది రోజులు ఉంచాడు. పిండిలో రెండు రకాలు మొలిచాయి. రెండూ గుండ్రంగా ఉన్నాయి. దోసగింజ లేదు.

ఈలోగా చేతుల సంగతీ చూశారు. బాబు ఒక పళ్లెం పట్టుకొచ్చి, "పిన్నీ, పది వేళ్లూ ఒక్కొక్కటే ఆనించండి," అన్నాడు. ఆనించింది. "పోలీస్ స్టేషన్‌లో కూడా ఇంతే కదా నాయనా? ఫొటో కూడా తీస్తావా, పక్కకి తిరగనా?" అంది. బాబు చెవులు ఎర్రబడ్డాయి. వేళ్ల పళ్లెం మీద ఏవేవో మొలిచాయి గానీ దోసగింజ అందులోనూ లేదు.

"పిండిలో లేదు, వేళ్ల మీద లేదు. అయినా ఆ రోజు లేదని ఎలా చెప్పగలం?" అన్నాడు బాబు. మాట అన్యాయమైనదేం కాదు. అదే పిన్నికి ఎక్కువ కష్టంగా ఉంది. ఆవిడే అతని చోట ఉంటే సరిగ్గా అదే అనేది.

ఆ రోజుల్లో ఆవిడ అందర్నీ అనుమానించింది. నలభై పట్టి ఒక్క కొత్తది దొరకని బాబు తన పళ్లేన్ని పాడుచేశాడేమోనని మూడు రోజులు అతన్ని కాపలా కాసింది. కిటికీ గట్టు మీద టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక కనిపించింది. ఎవరిదో ఒక్క చూపులో తెలిసిపోయింది. తుడవలేదు. పనికొస్తుందని అలాగే ఉంచింది. మేడం తనని వదిలించుకోవాలని చూస్తోందేమో అనుకుంది. ఆఖరికి అనుమానించడానికి ఎవరూ మిగలక తన మీదే పడింది. ఆ రోజు స్నానం చేశానా, గోళ్లు తీశానా, దగ్గానా అని గుర్తుచేసుకుంటూ అన్నం మానేసింది.

పదో రోజు పక్కనే ఉన్న మేడం గదికి వెళ్లింది. "ఆ పళ్లెం నేనింతవరకూ చూడలేదు. ఒక్కసారి చూపించండి. ముట్టుకోను." రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

మేడం తాళం తీసింది. బాబు పళ్లేన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "తొమ్మిది," అన్నాడు. రిజిస్టర్లోనూ అంతే రాశాడు: తొమ్మిది చుక్కలు.

పిన్ని లెక్కపెట్టలేదు. గాలిలోంచి పడితే చినుకుల్లా చెదిరి పడాలి. వేళ్లు తగిలితే గుంపుగా ఉండాలి. ఇవి రెండూ కాదు. అంచు దగ్గర మొదలై, ఒకటి ఇటు ఒకటి అటు, ఒకటి ఇటు ఒకటి అటు, మెల్లగా వంపు తిరిగి, మళ్లీ అంచు దగ్గర ఆగాయి. అలాంటి వరసలు ఆవిడ వందల సార్లు చూసింది.

"ఇది చెయ్యి కాదు మేడం. నడక. ఇటు ఎక్కింది, ఇలా తిరిగింది, ఇటు దిగిపోయింది."

మేడం పళ్లేన్ని తన చేతిలోకి తీసుకుంది. "పురుగా? మూసిన గదిలోకి ఎలా వచ్చింది?"

"మీరు నడిపించిన పురుగే తప్పించుకుందేమో పిన్నీ," అన్నాడు బాబు.

"లేదు. దాన్ని లెక్క ప్రకారం సీసాలో వేసి మూత పెట్టాను. రిజిస్టర్లో ఉంది." అంటూనే ఆవిడ చూపు తలుపు సందులోంచి బల్ల మీదికి, బల్ల మీంచి కిటికీ గట్టు మీదికి పోయింది.

గట్టు మీద ఒక గాజు బీకరు. అందులో నీళ్లు. నీళ్లలో నాలుగు గుమ్మడి పువ్వులు.

పరీక్షకి కోసిన పువ్వుల్లో రోజూ నాలుగైదు మిగిలేవి. పువ్వుని కోసి చెత్తబుట్టలో పడేయడానికి పిన్నికి చెయ్యి రాదు. కడిగిన బీకరులో నీళ్లు పోసి గట్టు మీద పెట్టేది. ఏడాదిగా పెడుతోంది. "గదికి కళ వచ్చింది పిన్నీ," అని బాబు కూడా ఒకసారి అన్నాడు. కాగితం సంచిని కూడా రానివ్వని మనిషి పెట్టింది కదా, దాన్ని అనుమానించాలని ఎవరికీ తోచలేదు. అందరినీ సోదా చేసే మనిషి తన జేబు తను చూసుకోలేదు. గుమ్మడి పువ్వు మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది, అడుగున దూరిన ఆవగింజంత పురుగు ఎంత దులిపినా రాలదు. ఆ గట్టు కిందే, జానెడు దూరంలో, మూత తీసిన ఖాళీ పళ్లెం.

ఆ సాయంత్రం వాళ్లాయనకి చెప్పింది. ఆయన రొట్టె విరుస్తూ విన్నాడు.

"వాళ్లు గమనించలేదుగా? రేపు ముందే వెళ్లి పువ్వులు తీసెయ్. ఏదో పురుగు ఎగిరొచ్చిందంటే సరి. నీ చేతుల తప్పు లేదని తేలిందిగా."

"ఏదో పురుగంటే ఏ పురుగు? ఆ ఈస్ట్ ఎక్కడిదో చెప్పకపోతే దాన్ని కొట్టేస్తారు."

"చెబితే నిన్ను కొట్టేస్తారు."

ఆ పూట పిన్ని పాలు వాసన చూడకుండానే తాగేసిందట. ఆయన కంగారుపడి నుదురు పట్టి చూశాడు.

మర్నాడు మేడం వచ్చేసరికి బీకరు గట్టు మీదే ఉంది. పక్కన పిన్ని.

"ఇవి పెట్టింది నేను మేడం. ఏడాది నుంచి. గదిలోకి బయటివేవీ రాకూడదని అందర్నీ తిట్టింది నేను, పువ్వులు తెచ్చి ఖాళీ పళ్లెం నెత్తిన పెట్టిందీ నేనే. వీటిలోంచి దిగిన పురుగే నడిచి ఉంటుంది. చేతులు కడుక్కున్నాను గానీ ఇది తట్టలేదు నాకు."

బాబు గట్టు మీది టీ మరక వైపు చూశాడు. పిన్ని అటు చూడలేదు. అతనే నోరు విప్పాడు. "మేడం, నేను రోజూ ఆ పువ్వుల పక్కనే నిలబడి... టీ తాగాను. నేనూ చూడలేదు."

"ఇక్కడ టీ తాగావా?" అంది మేడం.

"తాగాడు," అంది పిన్ని. "మరక సంగతి నాకు వారం నుంచి తెలుసు."

మేడం కుర్చీలో కూర్చుంది. నవ్వాలో తిట్టాలో తెలియనట్టు ఉంది మొహం. "పురుగే అంటున్నారు. అనుకుంటే సరిపోదు కదా పిన్నిగారూ. పది పువ్వుల్లోంచి పది పురుగులు తెద్దాం. పది పళ్లేలు, ఒక ఖాళీ పళ్లెం. పురుగుల మీద దోసగింజ ఉంటే అరవై ఒకటో నంబరు నిలుస్తుంది, మీ చేతుల మీది మాట పోతుంది. లేకపోతే..."

"లేకపోతే తొట్టి. తెలుసు." పిన్ని కొంగు దులుపుకుంది. "కానీ బాబునే చేయనివ్వండి. జెల్లీ కూడా అతన్నే కాచుకోమనండి. నేను గదిలోకి రాను, తలుపు బయట నిలబడతాను."

"అంత అవసరం లేదు పిన్నీ," అన్నాడు బాబు.

"నాకుంది. రేపు మంచి ఫలితం వస్తే నేనే నమ్మను."

బాబు గుమ్మడి తీగ దగ్గర ముళ్లు గీసుకుని, జెల్లీ రెండుసార్లు మాడ్చి, మూడోసారి సరిగ్గా కాచాడు. పిన్ని తలుపు బయట స్టూలు మీద కూర్చుని గాజు కడిగే బ్రష్షుని ఒళ్లో పెట్టుకుని వింది. "బర్నర్ వెలిగించావా? మూత ఎటు తిప్పి పెట్టావు? ఇప్పుడు ముక్కు ఎందుకు తుడుచుకున్నావు?" "తుడుచుకోలేదు పిన్నీ!" "చప్పుడు వినిపించింది." ఆ రోజు గట్టు మీద ఏమీ లేదు. బీకరు తొట్టిలో బోర్లించి ఉంది.

ఎనిమిది రోజులు ఎవరూ పెట్టె తెరవలేదు. తెరుస్తారేమోనని పిన్ని దాని తలుపు మీద అడ్డంగా కాగితం ముక్క అతికించి, దాని మీద సంతకం చేసింది. తొమ్మిదో రోజు పొద్దున కాగితాన్ని భూతద్దంతో చూసి, ఎవరూ చింపి అతికించలేదని తేల్చుకున్నాక గాని బాబుని ముట్టుకోనివ్వలేదు. మళ్లీ వెళ్లి తలుపు బయట నిలబడింది.

లోపల పళ్లేల చప్పుడు. తర్వాత బాబు గొంతు, గాభరాగా: "పిన్నీ! మొదటి పళ్లెం మీద..."

"ఆగు. ముందు ఖాళీది చూడు."

"పిన్నీ, వరస..."

"ఖాళీది చూడమన్నానా!"

చప్పుడు ఆగింది. ఆవిడ తలుపు చట్రం పట్టుకుంది.

"ఏమీ లేదు పిన్నీ. అద్దంలా ఉంది."

అప్పుడు కూర్చుంది, స్టూలు ఎక్కడుందో చూసుకోకుండానే. అదృష్టం, అక్కడే ఉంది. పది పురుగుల్లో ఏడింటి వెనక మీగడరంగు చుక్కలు నడిచాయి, ఇటు ఒకటి అటు ఒకటి. మైక్రోస్కోప్ దగ్గర నుంచి మేడం తల ఎత్తి చెయ్యి ఊపింది, లోపలికి రమ్మని.

"దోసగింజలే పిన్నిగారూ. రండి, చూడండి."

పిన్ని గుమ్మం దాటకుండానే అడిగింది. "మిగతా మూడు పురుగులో?"

"మూడింటి మీద రాలేదు."

"ఎందుకు రాలేదు? అవి ఏ పువ్వుల్లో తిరిగాయి? బాబూ, ఏ పువ్వు ఏ పళ్లేనిదో రాశావా?"

బాబు రాయలేదు.

మేడం పట్టకారు తీసి ఆవిడ వైపు చాచింది. ఇక నుంచి ఖాళీ పళ్లేలు ఎనిమిది రోజులు ఉంచాలి, పాత అరవైనీ మొదటి నుంచి మళ్లీ పట్టాలి, అది ఎవరు చేస్తారు అని అడిగింది. దొరికిన కొత్తదానికి పేరు కూడా ఆలోచించి పెట్టమంది. పేరుకి తొందరేముంది, ఇంకో ఊరి పువ్వులో కూడా దొరకనివ్వండి, అప్పుడు చూద్దాం అంది పిన్ని.

చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. పట్టకారు అందుకుని బర్నర్ మంటలో కాల్చింది. ఒక్క క్షణం దాన్ని చూసి, మళ్లీ కాల్చింది.